మిరుగు రాకముందే: "మోషన్ల గోలీ ఇయ్యన్నా" అనే ముందు చూసుకోవాల్సినవి

హన్మకొండలో మాది మెడికల్ షాపు. పంతొమ్మిదేళ్ల నుంచి అదే కౌంటర్ వెనక నిలబడుతున్నా. జూన్‌లో రెండు గట్టి వానలు పడ్డాయంటే చాలు, పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద ఒకరిద్దరు కూర్చుని ఉంటారు, కళ్లు లోపలికి పోయి, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని. అందరిదీ ఒకటే మాట: "అన్నా, మోషన్లు బంద్ అయ్యే గోలీ ఇయ్యి, డ్యూటీకి పోవాలె." ఓఆర్ఎస్ తీసుకోమంటే "అది పిల్లలకు కదా" అని నవ్వుతారు.

మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు, ఇంకా పది పదిహేను రోజులుంది. చేపలు ఎంతకు దొరుకుతాయో ఇప్పటినుంచే లెక్కలేసుకుంటున్నాం కదా, పనిలో పనిగా ఇవి కూడా చూసుకోండి. నేను రాసేది పెద్దవాళ్ల గురించి. పిల్లల సంగతి వేరు, వాళ్లకు జింక్ కూడా ఇవ్వాలి, డాక్టర్ దగ్గరికి తొందరగా పోవాలి.

ముందు నల్లా. మన తాగునీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి ఫిల్టర్ బెడ్లకు పోయి, క్లోరిన్ కలిపించుకుని బయల్దేరతాయి. అక్కడిదాకా పెద్ద ఫికర్ లేదు. గొడవంతా అక్కడి నుంచి మన బిందె దాకా వచ్చే పైపుల్లో ఉంది. నీళ్లు వదిలినంత సేపు పైపులో ప్రెషర్ ఉంటుంది, బంద్ చేయగానే పైపు ఖాళీ. ఆ పైపు మోరీ పక్కనుంచి వచ్చి, దానికి ఎక్కడో సన్నటి పగులు ఉందనుకోండి, ఎండాకాలమంతా ఏమీ తెలియదు; వానకు మోరీ నిండగానే ఆ మురికి పగులులోంచి లోపలికి దిగుతుంది, మర్నాడు నీళ్లు వదిలినప్పుడు మొట్టమొదటి బిందెలోకి అదే వస్తుంది. నల్లాకు డైరెక్టుగా మోటరు బిగించి లాగే ఇళ్లున్న గల్లీల్లో ఇది ఇంకా ఎక్కువ, మోటరుకు నీళ్లేవో మురికేదో తెలియదు కదా, పగులు దగ్గర ఏది ఉంటే అది పీలుస్తుంది. నల్లా గుంతలో తోడుకునే ఇళ్లయితే మరీను, వానకు గుంత నిండి నల్లా మూతి మురికిలో మునిగిపోతుంది. అందుకే వానాకాలంలో మొదటి అయిదు పది నిమిషాల నీళ్లు బట్టలకూ బాత్రూంకూ పట్టి, తర్వాతే తాగే బిందె పెట్టండి. నీళ్లు తేటగా ఉన్నాయని ధీమా పడొద్దు. కడుపును పాడుచేసే ఏ బ్యాక్టీరియా అయినా తేటనీళ్లలో హాయిగా ఉంటుంది, కంటికి కనిపించదు, వాసన కూడా రాదు.

ఈ ముచ్చట నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక సంపు మూత తీసి చూస్తే అడుగున వేలెడంత ఒండ్రు. ఒక పిలగాణ్ణి పెట్టి గబగబా కడిగించాం, బ్లీచింగ్ వేయలేదు, అదే రోజు సాయంత్రం సంపు నింపేసుకున్నాం. మూడో రోజు నాకు మొదలైంది. షాపులో ఉన్నవాణ్ణే కదా, డబ్బాలోంచి మోషన్లు ఆపే గోలీ రెండు మింగి, నిరుడు మిగిలిన యాంటీబయాటిక్ ఒకటి దానికి జత చేసి కౌంటర్లో కూర్చున్నా. సాయంత్రానికి మోషన్లు ఆగాయి, గెలిచాననుకున్నా. రాత్రి పదింటికి ఒళ్లు కాలిపోతూ చలిజ్వరం, కడుపు మెలిపెట్టి పిండేస్తుంటే బాత్రూంలోకి పోతే వచ్చేది చెంచాడు జిగట, అందులో ఎర్రగా నెత్తురు. అట్లా తెల్లారేదాకా ఇరవై సార్లు లేచి ఉంటా. ఆసుపత్రిలో విరేచనం పరీక్షకు పంపితే షిగెల్లా అనే క్రిమి అని వచ్చింది. డాక్టర్ నన్ను చూసి తిట్టలేదు, "మందుల షాపాయన కూడా ఇట్లనే చేస్తే ఇగ మిగతావాళ్లను ఏమనాలె" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

షిగెల్లాలో భయపెట్టేది ఏంటంటే, దానికి పదో వందో క్రిములు కడుపులోకి పోతే చాలు. కలరాకు లక్షలూ కోట్లూ కావాలి, అందుకే అది ఎక్కువగా నీళ్లతోనే వస్తుంది. షిగెల్లాకు ఒక ఈగ చాలు, సబ్బు పెట్టకుండా కడుక్కున్న ఒక చెయ్యి చాలు. ఇంట్లో ఒకరికి వస్తే నాలుగు రోజుల్లో మిగతావాళ్లకూ అంటుకునేది అందుకే. అది పేగు గోడను కొరుకుతుంది, నెత్తురు రావడం దానివల్లే. లోపల మంట పెట్టిన క్రిమిని బయటికి పోనివ్వకుండా పేగు కదలికను ఆపేస్తే ఏమవుతుందో నా కథే సాక్ష్యం. జ్వరం ఉన్నా, నెత్తురు కనిపించినా మోషన్లు ఆపే లోపెరమైడ్ రకం గోలీ ముట్టొద్దు.

కాబట్టి ఇప్పుడు, నేల పొడిగా ఉన్నప్పుడే, సంపు, పైన ట్యాంకు ఖాళీ చేయించి రుద్ది కడిగించండి, సంపు మూత అంచు రోడ్డు మట్టం కంటే ఎత్తులో ఉందో లేదో చూడండి, లేకపోతే ఇటుకలు పెట్టి రెండు వరసలు లేపించండి. ఇంట్లో క్లోరిన్ బిళ్లలు పెట్టుకోండి. వరదలప్పుడు ఆశా కార్యకర్తలు పంచే అరగ్రాము బిళ్ల ఒకటి 20 లీటర్లకు సరిపోతుంది, వేసి కనీసం అరగంట, కుదిరితే గంట ఆగి తాగాలి. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు బట్టలో వడకట్టి తర్వాత వేయండి, మట్టి ఉంటే క్లోరిన్ బలం దానికే ఖర్చయిపోతుంది. మరగబెట్టేవాళ్లు, అంచుల్లో బుడగలు రాగానే దింపేయకండి, సలసలా కుతకుతా ఒక నిమిషం ఉడకాలి, దించాక అదే గిన్నెలో మూతతో చల్లార్చాలి. మరిగిన నీళ్లను కడగని బిందెలోకి వంచి అందులో గ్లాసు చేతితో ముంచితే గ్యాసు దండగ. పొడుగు కాడ ఉన్న గరిటెనో, అడుగున నల్లా ఉన్న డబ్బానో వాడండి.

క్యాను నీళ్ల గురించి చాలామంది అడుగుతారు. ఆర్ఓ ప్లాంటులో క్రిములతో పాటు క్లోరిన్ కూడా పోతుంది, అంటే ఆ నీళ్లకు తర్వాత కాపలా ఉండదు. ప్లాంటు వాడు క్యాన్ లోపల బ్రష్ పెట్టి కడుగుతాడా, పైపైన నీళ్లు చల్లి నింపేస్తాడా అనేదాని మీదే అంతా ఉంటుంది. మీ ప్లాంటుకు ఒకసారి పోయి నిలబడి చూడండి, అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఇక తిండి. పెళ్లిళ్లు, బోనాలు, తర్వాత బతుకమ్మ, దసరా, మన దగ్గర దావత్ లేని నెల ఏది? కడుపు చెడినవాళ్లు "రాత్రి తిన్నది పడలేదు" అంటారు. నేనేమో ఎన్ని గంటలకు మొదలైందని అడుగుతా, ఎందుకంటే ఆ గంటల లెక్కలోనే సగం జవాబు ఉంటుంది.

తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలైతే, లోపల క్రిమి పెరిగి చేసింది కాదు, క్రిమి ముందే తిండిలో విషం తయారుచేసి పెట్టింది, మనం తిన్నది ఆ విషాన్ని. అది స్టెఫైలోకోకస్ కావచ్చు, వంటవాడి వేలికి పుండో, గోరుచుట్టో ఉంటే దానిలోంచి, ముక్కులోంచి చేతికి, చేతిలోంచి మిఠాయికీ కోవాకూ తరిగిన కీరకూ అంటుకుంటుంది. లేదా బాసిల్లస్ సీరియస్. దీని ఇష్టమైన ఇల్లు అన్నం. బియ్యంలోనే ఉంటుంది, ఉడికినా చావకుండా గట్టి పొట్టు కట్టుకుని పడుకుంటుంది, మిగిలిన బగారా అన్నాన్ని గంజులో అట్లాగే వదిలేస్తే ఆ గోరువెచ్చదనంలో లేచి విషం ఊరేస్తుంది. మర్నాడు పొద్దున దాన్ని పోపు పెట్టి పొగలు కక్కేలా వేడిచేసినా ఆ విషం చెడదు. ఇది మావాళ్లకు చెప్పి చెప్పి అలిసిపోయా, "వేడి చేసినం గదా" అంటారు. సద్దన్నాన్ని మాత్రం నేనేమీ అనను, అన్నం చల్లారగానే నీళ్లూ చల్లా పోసి పులియబెడతారు, ఆ పులుపు చాలా క్రిములను పెరగనివ్వదు. మూత పెట్టి వెచ్చగా వదిలేసిన అన్నానిదే అసలు గొడవ.

తిన్న ఎనిమిది నుంచి పదహారు గంటలకు కడుపు మెలికలు పడి నీళ్ల మోషన్లు, వాంతులు పెద్దగా లేవు, జ్వరం లేదు, దావత్‌కు వచ్చిన సగం మందికి అదే తెల్లవారుజామున మొదలైంది అంటే నాకు గుర్తొచ్చేది యాటకూర గంజు. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అని ఉంటుంది, అది కూడా ఉడుకును తట్టుకునే రకమే. పెద్ద గంజులో కూర పైన చల్లబడుతుంది గాని మధ్యలో గంటల తరబడి వెచ్చగా ఉంటుంది, పైన నూనె తెట్టు గాలి పోనివ్వదు, దానికి అదే కావాలి. ఆ వేడిలో అది పది నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది, మధ్యాహ్నం పన్నెండుకు దించిన కూర సాయంత్రం ఏడుకు వడ్డిస్తే ఎన్ని రెట్లో మీరే వేసుకోండి. దీనికి మాత్రం వేడి పనిచేస్తుంది, వడ్డించే ముందు కూర మొత్తం బుడబుడా ఉడికితే పెరిగిన క్రిములు చస్తాయి, ఈ విషం అన్నంలో దానిలా తిండిలో కూర్చోదు, మన పేగులోకి పోయాక తయారవుతుంది. అంటే అన్నం విషయంలో పనికిరాని జాగ్రత్త కూర విషయంలో పనికొస్తుంది. దావత్ పెట్టేవాళ్లు వంటాయనతో ముందే మాట్లాడుకోండి: మిగిలిన కూరను గంజులో ఉంచకుండా వెడల్పు తట్టల్లో పోసి చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌కు చేర్చాలి, ఫ్రిజ్ లేకపోతే పంచిపెట్టేయాలి.

సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి మూడు రోజుల దాకా ఎప్పుడైనా రావచ్చు, జ్వరంతో వస్తుంది. గుడ్డు, చికెన్ దాని బండ్లు. 2024 అక్టోబర్ 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది అందుకే. వానపడుతుంటే బండి దగ్గర నిలబడి మోమోలు తినేవాళ్లు ఆ తెల్లటి చట్నీని వదిలేస్తే నష్టమేమీ లేదు. క్యాంపైలోబాక్టర్‌ది ఇంకా ఆలస్యం, రెండు నుంచి అయిదు రోజులు, అంటే ఆదివారం చికెన్ సరిగ్గా ఉడకకపోతే గురువారం మంచాన పడొచ్చు, బుధవారం తిన్న బజ్జీని తిట్టుకుంటూ. చికెన్‌ను సింకులో నల్లా కింద కడిగితే నీటి తుంపరలతో పక్కనున్న గిన్నెలకూ, కొత్తిమీరకూ అంటుకుంటుంది. కడిగే అలవాటు మనవాళ్లు మానరు, నాకు తెలుసు, మా ఇంట్లోనే మానలేదు. కనీసం గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, అదే కత్తిపీటతో ఉల్లిగడ్డ కోయకుండా ఉంటే చాలు. ఈ క్యాంపైలోబాక్టర్ తగ్గిన ఒకటి నుంచి మూడు వారాల్లో, చాలా అరుదుగా, కాళ్లలో బలం తగ్గుతూ పైకి పాకే జబ్బు ఒకటి వస్తుంది. మోషన్లు తగ్గాక కాళ్లు తడబడుతుంటే నీరసం అనుకుని కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రి.

చెరుకురసం, నిమ్మసోడాలో ఐసు, పానీపూరీ నీళ్లు, వీటికి పెద్ద వివరణ అక్కర్లేదు. వానాకాలం మూడు నెలలు ఆగండి.

కలరా గురించి కొంచెం. మా నాయనమ్మ కోపం వస్తే "నీకు గత్తర రాను" అనేది, ఆ మాట వెనక ఎన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయో మాకు అప్పుడు తెలియదు. గత్తరలో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, బియ్యం కడిగిన నీళ్లలాంటి మోషన్ ధారగా పోతూ ఉంటుంది, ముదిరితే గంటకు లీటరు దాకా పోవచ్చు, పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి కూలబడతాడు. ఈ క్రిమి పేగును కొరకదు, ఒక విషంతో పేగులోని నీటి తూమును తెరిచి వదిలేస్తుంది. ఆ విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. అదృష్టం ఏంటంటే, నీళ్లను బయటికి వదిలే తూము తెరుచుకున్నా, ఉప్పునూ గ్లూకోజునూ కలిపి లోపలికి తీసుకునే తలుపు మూసుకుపోదు, ఆ తలుపులోంచి నీళ్లు కూడా వెనక్కి వస్తాయి. ఓఆర్ఎస్ కిటుకంతా ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపి తాగించాడు, 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు దిగాయి. చచ్చింది, బతికింది పెద్దవాళ్లూ పిల్లలూ అందరూ. కాబట్టి "అది పిల్లలకు కదా" అనే మాట నా కౌంటర్ దగ్గర అనొద్దు.

ఇంట్లో ఆరేడు ప్యాకెట్లు ఇప్పుడే కొని పెట్టుకోండి, అర్ధరాత్రి రెండింటికి ఏ షాపూ ఉండదు. ప్యాకెట్ మీద లీటరుకా, 200 మిల్లీలీటర్లకా అని రాసి ఉంటుంది, చదవండి. లీటరు ప్యాకెట్ చించి గ్లాసుకు కొంచెం వేసుకుని మిగతాది రబ్బరు బ్యాండు పెట్టి దాచుకునేవాళ్లు చాలామంది, అట్లా చేస్తే ఒక గ్లాసు ఉప్పుకషాయం, ఇంకో గ్లాసు ఉత్తనీళ్లు అవుతుంది. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, ఇంకే చక్కెరా కలపొద్దు, 24 గంటలు దాటితే పారబోయాలి. మోషన్ అయిన ప్రతిసారీ ఒకటి రెండు గ్లాసులు, వాంతి అవుతుంటే పది నిమిషాలు ఆగి గుక్క గుక్కగా. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి, కుప్పగా కాదు. షుగర్ ఉన్నవాళ్లు భయపడతారు గాని లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. డబ్బాల్లో వచ్చే రంగు డ్రింకులు వేరే, వాటిలో చక్కెర ఎక్కువై అది పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది. అసలు ఓఆర్ఎస్ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది, దానికోసం హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడింది. తిండి మానొద్దు, పెరుగన్నం, గంజి, ఇడ్లీ ఏది పడితే అది.

గోలీల సంగతి. పెద్దవాళ్లలో వచ్చే మోషన్లు చాలావరకు రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి, అందులో వైరస్‌ది కూడా పెద్ద వాటా, దానికి యాంటీబయాటిక్ దండగ. కలరాకూ షిగెల్లాకూ యాంటీబయాటిక్ పనికొస్తుంది, కానీ ఏది, ఎన్ని రోజులు అనేది డాక్టర్ చెప్పాలి, ఎందుకంటే మనం ఇన్నేళ్లు చాక్లెట్లలా మింగిన గోలీలకు ఈ క్రిములు చాలావరకు అలవాటుపడిపోయాయి. పైగా యాంటీబయాటిక్ పేగులోని మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చేస్తుంది, ఆ ఖాళీలో క్లాస్ట్రిడాయిడిస్ డిఫిసిల్ అనేది జొరబడితే అసలు మోషన్లకంటే కొత్తవి ఎక్కువ ఏడిపిస్తాయి. ఏదో ఒక యాంటీబయాటిక్ కోర్సు వాడిన నెలా రెండు నెలల్లో మోషన్లు పట్టుకుంటే డాక్టర్‌కు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. గట్టి పొట్టు కట్టుకున్న ఈ డిఫిసిల్ గింజలకు శానిటైజర్ పనిచేయదు, సబ్బుతో రుద్దితేనే పోతాయి.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. రోజూ పరగడుపున గ్యాస్ గోలీ వేసుకునేవాళ్లు మన దగ్గర ఇంటికొకరు ఉన్నారు. కడుపులోని ఆమ్లమే క్రిములకు మొదటి గోడ. ఆ గోడను ఏళ్ల తరబడి పడగొట్టుకుంటే సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ లాంటివి సులువుగా దాటుతాయి. ఎవరో ఎప్పుడో రాసిచ్చిన గ్యాస్ గోలీ ఇంకా అవసరమా అని వానలకు ముందే డాక్టర్‌ను అడగండి.

బీపీ గోలీలు, నీరు తీసే గోలీలు, మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ గోలీలు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఇవి కిడ్నీ మీద పడతాయి. నిరుడు మా గల్లీలో ఒక పెద్దమనిషి రెండు రోజులు మోషన్లతో ఉండి కూడా బీపీ గోలీ టైముకు వేసుకున్నాడు, మూడో రోజు మంచం దిగబోయి తూలి పడ్డాడు. సొంతంగా ఆపమని నేను చెప్పను. ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు "మోషన్లు ఎక్కువైతే వీటిలో ఏవి ఆపాలి సార్" అని అడిగి చీటీ వెనక రాయించుకోండి. గుండె, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఓఆర్ఎస్ ఎంత తాగొచ్చో కూడా అదే చీటీ మీద.

ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, నెత్తురు పడినా, 101 దాటి జ్వరం ఉన్నా, కడుగునీళ్లలా ధారగా పోతున్నా, తాగింది తాగినట్టు కక్కుతున్నా నా దగ్గరికి రావద్దు. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానకో, దగ్గర్లో ఏ ఆసుపత్రికో పోండి, కదల్లేకపోతే 108. అరవై దాటినవాళ్లు, గర్భిణులు అయితే వీటిలో ఏదీ లేకపోయినా రెండో రోజుదాకా ఆగొద్దు. పోయేటప్పుడు ఒక శుభ్రమైన చిన్న డబ్బాలో విరేచనం పట్టుకుపోండి, సిగ్గుపడకుండా, యాంటీబయాటిక్ మొదటి గోలీ వేసుకోకముందుదైతే మంచిది, గోలీ పడ్డాక ల్యాబ్‌లో క్రిమి దొరకడం కష్టం. ఆ డబ్బా మా షాపులో పది రూపాయలు, ఓఆర్ఎస్ ప్యాకెట్ల పక్క అరలోనే పెట్టా.